ఇంట్లో ప్లాస్టిక్ షీటు కవచాల తయారీ

నాటకంలోనో సినిమాలోనో వేషధారణ పోటీలోనో తొడుక్కోవడానికి ప్లాస్టిక్ షీటును కోసి, వేడిచేసి, వంచి చేసే కవచం చూడడానికి లోహంలాగే ఉంటుంది. బరువులో మాత్రం అదే మందం ఉన్న ఉక్కులో ఏడో వంతుకు మించదు. 2 మిల్లీమీటర్ల ఏబీఎస్ షీటు చదరపు మీటరుకు సుమారు 2.1 కిలోలు తూగితే, అంతే మందం ఉక్కు రేకు 15.7 కిలోలు తూగుతుంది. ఈ తేలికదనం వల్లనే కొలిమీ సమ్మెటా లేకుండా, బాల్కనీలో ఒక బల్ల వేసుకుని ఒక్క మనిషి తలనుంచి పిక్కలదాకా కవచం చేసుకోగలుగుతున్నాడు. ఈ పనిలో ప్లాస్టిక్‌ను లొంగదీయడం సగం పని కూడా కాదు. మిగతాదంతా దర్జీ పని: ఒళ్ళు ఎక్కడ వంగుతుందో, ఎక్కడ తిరుగుతుందో కనిపెట్టి అక్కడ సరిపడా ఖాళీ వదలడం. కొత్తవాళ్ళ కవచాలు చాలావరకు చెడేది వేడి దగ్గర కాదు, ఈ ఖాళీ దగ్గరే.

పుట్టుపూర్వోత్తరాలు

బరువైన ఆహార్యాన్ని తేలిక వస్తువుతో చేయడం రంగస్థలానికి పాత విద్య. కూచిపూడి వేషాల నగలను తేలికైన బూరుగు చెక్కతో చేసేవారు. భుజం మీద నిలిచే అలంకారానికి తెలుగులో భుజకీర్తులు అన్న చక్కని మాట ఉంది. ప్లాస్టిక్ కవచంలో భుజాల మీది చిప్పలను కూడా ఆ మాటతో పిలవడం సబబే.

అభిమానులు సొంతంగా వేషం కుట్టుకుని సమావేశాలకు రావడం అమెరికాలో 1939లో గట్టిగా కనిపించింది. ఆ ఏడు న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ ఆకర్‌మన్, మిర్టిల్ డగ్లస్ భవిష్యత్కాలపు మనుషుల దుస్తుల్లో వచ్చారు. ఆ దుస్తులు డగ్లస్ చేసినవే. ఇలా వేషం కట్టడానికి కాస్‌ప్లే అన్న పేరును 1980లలో జపాన్‌లో నొబుయుకి తకహాషి వాడుకలోకి తెచ్చాడు.

ప్లాస్టిక్ షీటుకు ఈ రంగంలో పీట వేసింది 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ చిత్రం. అందులోని తెల్ల కవచాల సైనికులు, అంటే స్టార్మ్ ట్రూపర్లు, రాల్ఫ్ మెక్‌వారీ గీసిన చిత్రాల్లో రూపుదిద్దుకున్నారు. కవచాన్ని బంకమట్టిలో మలచినవాడు బ్రయన్ మ్యూర్. ఇంగ్లండ్‌లోని ట్విక్‌నమ్‌లో ఆండ్రూ ఐన్స్‌వర్త్ తన చిన్న కార్ఖానాలో, వేడిచేసిన ప్లాస్టిక్ షీటును అచ్చు మీదకు గాలి లాగి దింపే పద్ధతిలో వాటిని తయారుచేశాడు. దుస్తుల రూపకర్త జాన్ మొలోకు ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. సినిమా చూసిన కుర్రవాళ్ళకు ఒక సంగతి అర్థమైంది: ఆ కవచం లోహం కాదు, ఇంట్లో చేయడానికి వీలులేనిదీ కాదు. 1997లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఆల్బిన్ జాన్సన్ మొదలుపెట్టిన 501వ లీజియన్ అనే అభిమాన సంఘం ఈ కవచాలకు కొలతలు, అతుకుపట్టీల వెడల్పులు, బిగింపుల స్థానాలతో సహా ప్రమాణాలు రాసిపెట్టింది. సభ్యులు ఆ కవచాలతో ఆసుపత్రుల్లో పిల్లలను పలకరించడానికి, విరాళాలు సేకరించడానికి వెళుతుంటారు.

సినిమా కార్ఖానాల పని వేరే తీరు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ చిత్రాల కోసం న్యూజీలాండ్‌లోని వెటా వర్క్‌షాప్ ప్లాస్టిక్ గొట్టాలను ఉంగరాలుగా కోసి, కోటికి పైగా ఉంగరాలను చేత్తో అల్లి గొలుసు కవచాలు చేసింది. ఇంట్లో ఆ ఓపిక అందరికీ ఉండదు కానీ, పీవీసీ గొట్టం ముక్కలతో ఒక మెడపట్టీ అల్లుకోవడానికి ఒక్క వారాంతం చాలు.

ఏ షీటు

ఒక్కో ప్లాస్టిక్‌ది ఒక్కో స్వభావం. అన్నీ ఒకటే అనుకుని ఏది దొరికితే అది కొనేస్తే డబ్బు వృథా.

మొదటిసారి చేసేవారికి నురుగు పీవీసీ షీటు మంచిది. బోర్డులు రాసే దుకాణాల్లో, ఫ్లెక్సీ ప్రింటింగ్ చోట్ల దీన్ని సన్‌బోర్డు అని అడిగితే ఇస్తారు. 3 మిల్లీమీటర్లది కటర్‌తో రెండు మూడు గీతల్లో తెగుతుంది. 80 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో మెత్తబడి తడిసిన తోలులా వంగుతుంది. దీని లోపం కూడా అదే వేడి: ఎక్కువైతే ఉబ్బుతుంది, మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వదులుతుంది.

హిప్స్ అనే పాలీస్టైరీన్ షీటు చవక, గీత పెట్టి విరిస్తే నీటుగా విరుగుతుంది, వేడికి సులువుగా లొంగుతుంది. దెబ్బ తగిలితే మాత్రం వంపుల దగ్గర తెల్లబడి చిట్లుతుంది. ఏబీఎస్ గట్టిది. అందులోని బ్యూటడయీన్ రబ్బరు అంశం దెబ్బను మింగేస్తుంది. అదే అంశం ఎండకు పాడై షీటును పసుపు రంగుకు తిప్పుతుంది కూడా. దాదాపు 105 డిగ్రీల దగ్గర బిగువు సడలినా, అచ్చు మీద చక్కగా దిగాలంటే 150 నుంచి 180 దాకా వేడి కావాలి. ఏబీఎస్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో అటక మీద పడివున్న షీటును నేరుగా వేడిచేస్తే ఒళ్ళంతా బుడగలు లేస్తాయి. ముందుగా 80 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టుకోవాలి.

జర్మనీలో తయారయ్యే వోర్‌బ్లా వంటి ప్రత్యేక షీట్లు 90 డిగ్రీల దగ్గర మెత్తబడి, తమకు తామే అతుక్కుంటాయి. ముక్కలను కలిపి పిసికి మళ్ళీ వాడుకోవచ్చు. సౌకర్యం గొప్పదే, ధర మాత్రం ఎక్కువ.

ఇక నీళ్ళకు వాడే నీలం డ్రమ్ము సంగతి. అది హెచ్‌డీపీఈ అనే పాలిథిన్ రకం. అలంకారానికి కాక, బెత్తం కత్తులతో నిజంగానే కొట్టుకునే మధ్యయుగపు క్రీడా సంఘాలు, ముఖ్యంగా 1966లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో పుట్టిన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం సభ్యులు, ఈ డ్రమ్ములు కోసి పక్కటెముకలకూ మోకాళ్ళకూ రక్షణ పలకలు చేసుకుంటారు. డ్రమ్ముకు ముందే వంపు ఉంటుంది కనుక సగం పని అయిపోయినట్టే. దీనిమీద జిగురు పట్టదు, రంగు నిలవదు. ఉపరితలం మీద మంటను త్వరగా ఆడించి వేస్తే రంగు కొంత పట్టుకుంటుంది. అతుకులన్నీ రివెట్లతోనే. రసాయనాలు నింపిన డ్రమ్మును కోయకూడదు. తినే సరుకు వచ్చినదే తీసుకోవాలి. ఈ ఒక్క రకాన్ని మినహాయిస్తే, ఇక్కడ చెప్పుకునే కవచాలేవీ దెబ్బను కాచేవి కావు. హెల్మెట్‌కు బదులుగా ఎవరూ వీటిని వాడకూడదు.

కొలత, నమూనా

ధరించబోయే మనిషికి పాత టీషర్టు తొడిగి, దానిమీద ప్యాకింగ్ టేపు చుట్టి, పెన్నుతో కవచపు గీతలు గీసి, ఆ గీతల వెంట జాగ్రత్తగా కత్తిరించి విప్పితే ఒంటి అచ్చు చేతికొస్తుంది. దాన్ని చార్టు మీద పరిచి గీసుకుంటే నమూనా. పెట్టెలాగా చతురస్రంగా కనిపించే తొలి ప్రయత్నపు కవచాలన్నీ ఈ మెట్టు దాటవేసినవే. జపాన్‌కు చెందిన టామా సాఫ్ట్‌వేర్ వారి పెపకురా ప్రోగ్రామ్ కంప్యూటర్ బొమ్మను విప్పి కాగితపు ముక్కలుగా అచ్చేసి ఇస్తుంది. అది ఏ ఒంటికి సరిపోవాలో మాత్రం దానికి తెలియదు.

షీటుకు మందం ఉంటుంది, లోపల బట్ట ఉంటుంది. ఆ లెక్క నమూనాలో కలపాలి. ముంజేయి చుట్టుకొలత 26 సెంటీమీటర్లు, షీటు 3 మిల్లీమీటర్లు, లోపల 5 మిల్లీమీటర్ల వదులు కావాలనుకుంటే, షీటు నడిమి పొర చేతికి 6.5 మిల్లీమీటర్ల దూరంలో నిలుస్తుంది. దాన్ని రెండు పైలతో గుణిస్తే సుమారు 4 సెంటీమీటర్లు. అంటే ముక్క 30 సెంటీమీటర్లు కోయాలి. చార్టు ముక్కను ఒంటికి చుట్టి చూసి సరిపోయిందని అదే కొలతకు షీటు కోసిన వాళ్ళ ముంజేతి తొడుగుల అంచులు కలవకపోవడానికి కారణం ఈ 4 సెంటీమీటర్లే.

వంపులో ఉన్న చిక్కు

పొట్లం చుట్టడానికి ఏ కాగితమైనా సరిపోతుంది. కొబ్బరి చిప్పను అదే కాగితంతో ముడత లేకుండా కప్పడం ఎవరివల్లా కాదు. గొట్టం, పొట్లం వంటి ఆకారాలను చదునుగా విప్పవచ్చు, బంతిని విప్పలేము. దీన్ని గణితంగా 1827లో నిరూపించినవాడు జర్మన్ గణితజ్ఞుడు గౌస్. కవచం చేసేవాడికి ఇంతకన్నా పనికొచ్చే సిద్ధాంతం లేదు. ముంజేయి, పిక్క, తొడ పొట్లాలు. వాటికి వంచడం చాలు. భుజం, మోకాలు, తల కొబ్బరి చిప్పలు. వాటికి షీటు సాగాలి, లేదా కత్తిరించి కలపాలి.

కత్తిరించి కలపడమంటే రవికెలో దర్జీ వేసే డార్ట్ లాంటిదే. గుండ్రని అంచునుంచి మధ్యకు సన్నని త్రికోణాలు తీసేసి, మిగిలిన రేకులను దగ్గరికి లాగి వెనుకనుంచి పట్టీ వేస్తే చిప్ప తేలుతుంది. అతుకులు పైకి కనిపిస్తాయి. వాటిని దాచకుండా పైన సన్నని పట్టీ వేసి చుట్టూ ఉత్తుత్తి రివెట్లు అద్దితే, పాతకాలపు కమ్మరి పనిలా అందంగా ఉంటుంది.

సాగదీయాలంటే వేడి. హీట్ గన్ గాలి 300 డిగ్రీలు దాటి వస్తుంది కనుక ఒకచోట ఆపకుండా ఆడిస్తూ ఉండాలి. మెత్తబడ్డ ముక్కను చేతికి మందపాటి తువ్వాలు చుట్టుకుని, తోలు తొడుగులతో దానిమీద అదిమి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఆ పట్టుకోవడంలోనే ఓపిక పరీక్ష. గట్టిపడకముందే వదిలితే షీటు మళ్ళీ తెరుచుకుంటుంది. తిన్నని మడత కావాలనుకుంటే అక్రిలిక్ వంచేవాళ్ళు వాడే నిక్రోమ్ తీగ మేలు. ఎర్రబడిన తీగ మీదుగా గీతను ఉంచితే ఆ గీత ఒక్కటే మెత్తబడుతుంది, మిగతా పలక చదునుగానే నిలుస్తుంది.

ఈ ప్లాస్టిక్‌లకు జ్ఞాపకశక్తి ఉంటుంది. చెడిపోయిన ముక్కను మళ్ళీ వేడిచేస్తే చాలావరకు మొదటి చదునుకే తిరిగొస్తుంది. కమ్మరికి లేని వెసులుబాటు ఇది.

గాలి లాగి దింపడం

వాక్యూమ్ ఫార్మింగ్ అనే ఈ పద్ధతి పేరు వినడానికి పెద్దది, పరికరం మాత్రం చిన్నది. పైన వరసగా చిన్న రంధ్రాలున్న చెక్క పెట్టె, దాని పక్కన ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి కంత, షీటును నాలుగువైపులా బిగించే చట్రం, వేడిచేయడానికి ఒక పొయ్యి. పెట్టె మీద అచ్చు ఉంచి, చట్రంలోని షీటు వేడికి మధ్యలో సాగి కిందికి వేలాడగానే తెచ్చి అచ్చు మీద దింపి గాలి లాగుతారు. రెండు మూడు సెకన్లలో పని పూర్తవుతుంది.

ఇక్కడ షీటును అదిమేది యంత్రం కాదు, మన చుట్టూ ఉన్న గాలే. ప్రతి చదరపు సెంటీమీటరు మీద అది ఒక కిలో బరువుతో నొక్కుతుంది. 40, 50 సెంటీమీటర్ల పక్కలున్న షీటు కింద గాలినంతా తీసేయగలిగితే రెండు టన్నుల ఒత్తిడి. ఇంటి వాక్యూమ్ క్లీనర్ అందులో అయిదో వంతు తేగలదు, అంటే అప్పటికీ 400 కిలోలు. పెద్ద వంపులకు అది చాలు. పదునైన అంచులు, లోతైన గాళ్ళు రావాలంటే నిజమైన వాక్యూమ్ పంపు, గాలి నిల్వ ఉంచే తొట్టి కావాలి.

అచ్చును ఎండీఎఫ్ చెక్కతోనో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనో చేస్తారు. పక్కగోడలు నిటారుగా ఉంటే చల్లారి కుదించుకున్న ప్లాస్టిక్ అచ్చును పట్టుకుని వదలదు. అందుకే గోడలకు కొన్ని డిగ్రీల వాలు ఇవ్వాలి. కింద సన్నగా పైన వెడల్పుగా ఉండే ఆకారం అసలు పనికిరాదు. గుంటలున్నచోట మిల్లీమీటరు రంధ్రం వేయకపోతే లోపలి గాలి దారిలేక అక్కడే ఉండిపోతుంది.

షీటు సాగినకొద్దీ పలచబడుతుందన్నది మరిచిపోయే విషయం. వృత్తాకారపు షీటు అదే వ్యాసమున్న అర్ధగోళంగా మారితే వైశాల్యం రెట్టింపవుతుంది, మందం సగటున సగమవుతుంది. అచ్చు శిఖరానికి ముందు తాకిన భాగం మందంగానే ఉండి, చివర దిగిన అంచులు ఇంకా పలచబడతాయి. మోకాలి చిప్ప అంచు చిట్లడం వెనుక ఉన్న లెక్క ఇదే. 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టమనేది అందుకే.

అతుకులు

ఏబీఎస్ ముక్కలను అసిటోన్ కరిగిస్తుంది. దాని తుక్కును సీసాలో అసిటోన్‌తో కలిపి రాత్రంతా ఉంచితే గంజిలాంటి ముద్ద అవుతుంది. అదే జిగురు, అదే పగుళ్ళు పూడ్చే లప్పం. రెండు అంచులను ఎదురెదురుగా ఆనించి, వెనుక ఒక పట్టీ, ముందు ఒక పట్టీ వేయడం స్టార్మ్ ట్రూపర్ కవచంలో రివాజు. ఈ6000 వంటి నెమ్మదిగా ఆరే రబ్బరు జిగురును చాలామంది ఇష్టపడతారు. పూర్తిగా పట్టడానికి రెండు మూడు రోజులు తీసుకున్నా, తప్పయితే ఊడదీసుకోవచ్చు, వంగినా పగలదు. ఫెవిక్విక్ తరహా జిగురు క్షణంలో పట్టి, కవచం మెలితిరిగిన రోజున అంతే త్వరగా విడిపోతుంది.

కదలిక

ఐరోపాలో నిజమైన ఉక్కు కవచాలు చేసిన కమ్మరులకు తెలిసిన రెండు రహస్యాలను ఈనాటి ప్లాస్టిక్ కవచాలవాళ్ళు మళ్ళీ మళ్ళీ స్వయంగా దెబ్బతిని నేర్చుకుంటున్నారు. మొదటిది, ఎదురొమ్ము పలక సన్నని నడుము దగ్గర ఆగిపోవాలి, బెల్టు పెట్టుకునే చోటుదాకా రాకూడదు. అంతకన్నా దిగితే కూర్చోగానే పలక పైకి లేచి గొంతుకు తగులుతుంది. రెండోది, చంకల దగ్గర లోతుగా కోయాలి. రెండు చేతులూ ఛాతీ ముందు కలిపి నమస్కారం పెట్టగలిగితే కోత సరిగ్గా ఉన్నట్టు.

నడుముకూ భుజానికీ ఒకే పలక సరిపోదు. పెంకుటింటి కప్పులా ఒకదానిమీద ఒకటి ఎక్కే పట్టీలు కావాలి. వీటిని లోపలివైపు రెండు మూడు తోలు పట్టెడల మీద రివెట్లతో వరసగా కూర్చితే, మూసుకునేటప్పుడు ఒకదానికిందికి ఒకటి జారతాయి. పక్కకు కూడా తిరగాలంటే రివెట్ రంధ్రాన్ని గుండ్రంగా కాక సెంటీమీటరు పొడవున గాడిగా కోయాలి. మోచేతి మడత దగ్గర జబ్బ తొడుగుకూ ముంజేతి తొడుగుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో లోపలి నల్లబట్ట కనిపించడం లోపం కాదు.

కవచం బరువు ఎక్కడ వేలాడుతుందన్నది తరవాతి ప్రశ్న. తొడ తొడుగులను తొడ మీద ఎలాస్టిక్‌తో బిగిస్తే పది అడుగులకే మోకాలి మీదకు జారతాయి. నడుము బెల్టు నుంచి నవారు పట్టీతో వేలాడదీయాలి. జబ్బ తొడుగులు భుజకీర్తులకు, భుజకీర్తులు ఎదురొమ్ము పలకకు వేలాడాలి. బిగింపులకు టిచ్ బటన్లు నమ్మకమైనవి. వెల్క్రో చెమటకు వదులవుతుంది. ఇవన్నీ పూర్తయ్యాక, రంగు వేయకముందే, కవచం తొడుక్కుని గంటసేపు ఇంట్లో తిరగాలి: మెట్లెక్కాలి, కుర్చీలో కూర్చోవాలి, కింద పడిన నాణెం తీయాలి. ఎక్కడ గీసుకుందో అక్కడ పెన్నుతో గుర్తుపెట్టి కోసి, ఉప్పుకాగితంతో అంచు నునుపు చేయాలి.

శిరస్త్రాణం కష్టం చూపుకు సంబంధించినది. ‘స్టార్ వార్స్’లో ఒక సైనికుడు గదిలోకి వస్తూ తలుపు చట్రానికి తల కొట్టుకున్న దృశ్యం సినిమాలో అలాగే ఉండిపోయింది. లోపలినుంచి కంటికి దగ్గరగా ఉన్న రంధ్రం ఎక్కువ చూపిస్తుంది, దూరంగా ఉన్నది తక్కువ. అందుకే లోపల స్పాంజి ముక్కలు సర్ది, కళ్ళు రంధ్రాలకు దగ్గరయ్యేలా తలను ముందుకు నిలపాలి. కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి, చిన్న బ్యాటరీ ఒకటి పెడితే కంటి రంధ్రాలకు వేసిన అద్దం మీద ఆవిరి పట్టదు.

రంగు

240 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 400తో ముగించి, ప్రైమర్ వేసి, లోహపు రంగుకు ముందు నల్లటి పూత వేస్తారు. వెండి రంగు తెల్లటి ప్లాస్టిక్ మీద బొమ్మలా, నలుపు మీద ఉక్కులా కనిపిస్తుంది. ఆ తరవాత పలచని నల్లరంగు రాసి వెంటనే బట్టతో తుడిస్తే గాళ్ళలో మిగిలిన నలుపు పాతదనం తెస్తుంది. హిప్స్ మీద ఘాటైన స్ప్రే దగ్గరనుంచి కొడితే ఉపరితలమే కరుగుతుంది. దూరంనుంచి పలచగా, పొరలు పొరలుగా కొట్టాలి.

ఆరోగ్యం

అసిటోన్ ఆవిరి చలికాలంలోనూ అంటుకుంటుంది, వంటగదిలో దాని సీసా మూత తీయకూడదు. ప్లాస్టిక్ వేడిచేసిన పొయ్యిలో మళ్ళీ వంట చేయకూడదు. హీట్ గన్ పని గాలి ఆడేచోట చేయాలి, రుద్దుడు పనికి ముక్కుకు మాస్కు ఉండాలి. పిల్లలు కోతా వేడీ పనులకు దూరంగా, కొలతా రంగూ పనుల్లో దగ్గరగా ఉంటే మంచిది. ధరించినవారికి అసలు ముప్పు ఉక్కపోత. ప్లాస్టిక్ చెమటను పీల్చదు, గాలిని రానివ్వదు. హైదరాబాద్ కామిక్ కాన్ లాంటి హాళ్ళలో ఏసీ ఉన్నా, వరసల్లో నిలబడేది బయట. నీళ్ళు తాగించి, బిగింపులు విప్పే తోడు మనిషి ఒకరు పక్కన ఉండాలి.

హక్కులు

సినిమా కవచానికి నకలు చేసి అమ్మవచ్చా అన్న ప్రశ్న బ్రిటన్ సుప్రీం కోర్టుదాకా వెళ్ళింది. ఐన్స్‌వర్త్ తన పాత అచ్చులతో శిరస్త్రాణాలు చేసి అమ్మగా లూకస్‌ఫిల్మ్ దావా వేసింది. 2011 జూలైలో వచ్చిన తీర్పు, ఆ శిరస్త్రాణం శిల్పం కాదని, సినిమా అవసరం కోసం చేసిన వస్తువని, బ్రిటన్‌లో శిల్పానికిచ్చే కాపీరైటు రక్షణ దానికి వర్తించదని చెప్పింది. అదే తీర్పు, అమెరికా కాపీరైటు ఉల్లంఘన కేసును ఇంగ్లండ్ కోర్టులు వినవచ్చని కూడా అంది. కాబట్టి ఒక దేశంలో చెల్లిన పని మరో దేశంలో చెల్లకపోవచ్చు.

నిల్వ

మే నెలలో మూసిన కారులోపలి వేడికి వోర్‌బ్లా, నురుగు పీవీసీ ముక్కలు వాటి బరువుకు అవే కుంగుతాయి. ప్రయాణంలో వంపు ముక్కలను బోర్లించి, లోపల పాత బట్టలు కుక్కి పెట్టాలి. ఏబీఎస్‌ను ఎండ తగలని చోట దాచాలి. 1977 నాటి అసలు కవచాలు ఇప్పుడు పాత దంతం రంగుకు తిరిగాయి. పగులు కనిపిస్తే దాని కొస దగ్గర చిన్న గుండ్రని రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. ఆ తరవాత వెనుకనుంచి పట్టీ వేసి, అసిటోన్ ముద్ద పూసి, ఆరాక రుద్దితే చాలు. మొదటి కవచం కోసినప్పుడు మిగిలిన తుక్కును పారేయకుండా సీసాలో ఉంచుకున్నవారికి ఆ ముద్ద రంగు కూడా సరిగ్గా కలుస్తుంది.